హైదరాబాద్ నుంచి లేహ్: ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఎందుకు

మనాలి మీదుగా హైదరాబాద్ నుంచి లేహ్ దాదాపు 2,500 కి.మీ. ఆ అంకెను ఆరుతో భాగించి, "రోజుకి 420, పెద్ద కష్టమేం కాదు" అనుకుని బయల్దేరేవాళ్లు చాలామంది. ఆ లెక్క ఎక్కడా నిలబడదు. నాగ్‌పూర్ దారిలో 500 సాఫీగా సాగిపోతాయి. ఢిల్లీ ముందు 365 దగ్గరే ఆగిపోవడం తెలివైన పని. మనాలి దాటాక ఒకరోజు 95 చాలు, ఆ తర్వాత ఒకరోజు 340 ఒక్క బిగిన కొట్టాలి. మైదానంలో రోజు పొడుగుని పగటి వెలుతురు తేలుస్తుంది, కొండల్లో రాత్రి పడుకునే చోటు ఎత్తు తేలుస్తుంది. మ్యాప్‌లో కిలోమీటర్లు ఈ రెంటి తర్వాతే.

ఇక్కడి లెక్కలన్నీ 15 లీటర్ల ట్యాంకున్న 411 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకుకి వేసినవి. వేరే బండైతే పెట్రోలు అంకెలు మార్చుకోండి, మిగతావి అవే. నెల సెప్టెంబర్, అదీ రెండో సగం. మే, జూన్‌లలో నాగ్‌పూర్ నుంచి గ్వాలియర్ దాకా ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. జూలై, ఆగస్టుల్లో మండీ, కులు మధ్య కొండచరియలు విరిగిపడి ఎప్పుడు దారి మూసుకుంటుందో చెప్పలేం. సెప్టెంబర్ చివర్లో పగలు పన్నెండు గంటలుంటుంది. పైగా దారంతా ఉత్తరానికే కాబట్టి పొద్దున ఎండ కుడి భుజం మీద, సాయంత్రం ఎడమ భుజం మీద పడుతుంది, కళ్లలోకి కొట్టదు.

మొదటి రోజు: హైదరాబాద్ – నాగ్‌పూర్, 500 కి.మీ.

ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు. సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ మీదుగానే ఎన్‌హెచ్ 44 పట్టుకోవాలి. ఐదున్నరకి సుచిత్ర దగ్గరుంటే దారి ఖాళీ. ఏడు దాటితే మేడ్చల్ దాకానే ముప్పావు గంట తినేస్తుంది.

నాలుగు లేన్ల హైవే మీద బైకులకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 80. స్పీడోమీటర్ ముల్లు అక్కడే నిలకడగా ఉంచినా, ఊళ్లు, టోల్ గేట్లు, నిర్మల్ ఘాట్, రాంగ్ సైడులో వచ్చే ట్రాక్టర్లు కలిసి, బండి కదులుతున్నంత సేపు సగటు 62 దగ్గర తేలుతుంది. 500ని 62తో భాగిస్తే ఎనిమిది గంటల ఐదు నిమిషాలు. టిఫినుకి 35 నిమిషాలు, భోజనానికి 45, పెట్రోలుకి రెండుసార్లు పన్నెండేసి, టీకి రెండుసార్లు పదిహేనేసి, అంటే ఆగింది మొత్తం రెండుంబావు గంటలు. ఐదున్నరకి కదిలితే నాలుగు గంటలకి కాస్త ముందే నాగ్‌పూర్.

ఇప్పుడు అదే దారిలో 95 మీద తోలితే ఏం మిగులుతుందో చూడండి. సగటు మహా అయితే 68 అవుతుంది, మిగిలేది 43 నిమిషాలు. దానికోసం లీటరుకి 30 ఇచ్చే బండి 25కి దిగుతుంది, ఇంకోసారి బంకులో ఆగాలి, గాలి దెబ్బకి మెడ పట్టేస్తుంది. ఆ 43 నిమిషాలు నిజానికి బంకుల దగ్గరే దొరుకుతాయి.

ఒక బంకు దగ్గర నిలబడి గమనిస్తే సంగతి తెలిసిపోతుంది. నలుగురు దిగుతారు. నలుగురూ హెల్మెట్లు, గ్లవ్స్ తీసి ట్యాంకుల మీద పెడతారు. పర్సు ప్యాంటు జేబులో, ప్యాంటు మీద రైడింగ్ ప్యాంటు, దానికి జిప్పు. ఒకరికి టీ, ఒకరికి బాత్రూమ్, ఒకరికి ఫోను. చివరివాడు టీ తాగేలోపు మొదటివాడికి మళ్లీ సిగరెట్ గుర్తొస్తుంది. పన్నెండు నిమిషాలు అనుకున్నది ముప్పై ఐదు. నాలుగు ఆగుళ్లలో గంటన్నర పోయిందంటే అందులో ఆశ్చర్యం లేదు. పద్ధతి చిన్నదే. ఫోను, డబ్బు జాకెట్ పైజేబులో ఉండాలి. పెట్రోలు పట్టగానే ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. బండిని పంపు దగ్గర్నుంచి పక్కకు తోసి, అప్పుడు హెల్మెట్ తీయాలి. గ్లాసుడు నీళ్లు, వైజర్ తుడుపు, వెనక టైరు మీద ఓసారి చేయి వేసి వేడి చూడటం, బ్యాగుల తాళ్లు లాగి చూడటం. అంతే, కదలాలి. టీ కావాలంటే దానికి వేరుగా, కూర్చుని, కాళ్లు చాపుకుని ఆగాలి. పనికీ విశ్రాంతికీ ఒకే ఆగుడు పెట్టుకుంటే రెండూ సరిగా కావు.

టిఫిన్ కామారెడ్డి దగ్గర, ఏడున్నరకి. ఇడ్లీ మంచిది, పూరీ వద్దు. ఆర్మూర్ దాటి సోన్ దగ్గర గోదావరి వంతెన, తర్వాత నిర్మల్, ఘాట్ ఎక్కాక నేరడిగొండ, ఇచ్చోడ. ఆదిలాబాద్ 300 పైన ఉంటుంది, ట్యాంకు అక్కడే నింపాలి. 15 లీటర్లకి లెక్కప్రకారం 450 రావాలి గానీ, ఎప్పుడూ 300 దగ్గర నింపేయడమే పద్ధతి. ఎదురుగాలి వచ్చినా, బంకు మూసేసినా మిగిలిన మూడో వంతు కాపాడుతుంది. పెన్‌గంగ దాటి పాండర్‌కవడా వైపు భోజనం. పప్పు, రెండు రొట్టెలు చాలు. ఫుల్ మీల్స్ మీద పెరుగన్నం పడితే హింగన్‌ఘాట్ రాకముందే రెప్పలు బరువెక్కుతాయి.

నాగ్‌పూర్‌లో గదికి వెళ్లేముందే ట్యాంకు నింపి పెట్టండి. పొద్దున చీకట్లో బంకు వెతుక్కునే పని తప్పుతుంది. తర్వాత చైను. వేడిగా ఉన్నప్పుడే 90 నంబరు గేర్ ఆయిలు గుడ్డకి పట్టించి లోపలి వైపు రాస్తే పొద్దుటికి లింకుల్లోకి దిగి, మిగులు కారిపోతుంది. పొద్దున రాసి వెంటనే తోలితే సగం రిమ్ము మీదికే చిమ్ముతుంది. ఇది ప్రతి 500 కి.మీ.కి ఒకసారి, అంటే ఈ దారిలో దాదాపు రోజూ సాయంత్రం చేయాల్సిన పని.

రెండో రోజు: నాగ్‌పూర్ – ఝాన్సీ, దాదాపు 600 కి.మీ.

మొత్తం దారిలో పెద్ద రోజు ఇదే. అందుకే రెండో రోజున పెట్టడం. మొదటి రోజు ఉత్సాహంలో అలసట తెలియదు, మూడో రోజుకి అది కూడబలుక్కుని వస్తుంది. రెండో రోజుకి శరీరం సీటుకి అలవాటు పడి ఉంటుంది, ఇంకా అరిగిపోలేదు.

అదే లెక్క వేస్తే కదిలే సమయం తొమ్మిది గంటల నలభై, ఆగేది రెండు గంటల ఇరవై. మొత్తం పన్నెండు. ఐదున్నరకి కదిలితే చేరేది ఐదున్నరకి, సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు. ఒక్క పంక్చర్‌తో ఆ ముప్పావు గంట పోతుంది. ఈ బండికి ట్యూబు టైర్లు. చక్రం విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టేసరికి చేయి తిరిగినవాళ్లకే నలభై నిమిషాలు. ట్యూబ్‌లెస్ అయితే పది నిమిషాల్లో ప్లగ్ వేసి కదలొచ్చు. కాబట్టి ఇలాంటి రోజుకి ముందే ఒక గీత గీసుకోవాలి. ఇక్కడ ఆ గీత సాగర్. 395 కి.మీ. దగ్గర, రెండు లోపు దాటాలి. మూడు దాటితే ఝాన్సీ మాట మర్చిపోయి లలిత్‌పూర్‌లో గది తీసుకోవాలి. ఈ నిర్ణయం పొద్దున కాఫీ దగ్గరే అయిపోవాలి. మూడింటికి అలిసిన బుర్రతో చర్చ మొదలైతే "ఇంకా రెండొందలే కదా" అనేవాడే గెలుస్తాడు.

నాగ్‌పూర్ దాటిన గంటన్నరకి పెంచ్ అడవి. జంతువులు కింద నుంచి దాటేందుకు రోడ్డుని స్తంభాల మీద ఎత్తి కట్టారు. అయినా పూర్తిగా తెల్లవారకముందు ఇక్కడ ఉండకూడదు, నాలుగింటికే బయల్దేరదామన్న ఆలోచనకి ఇదే అడ్డు. శివనీ తర్వాత లఖ్‌నాదౌన్‌లో జాగ్రత్త. నేరుగా పోతే జబల్‌పూర్ దారి, ఎడమకి తిరిగేది నర్సింగ్‌పూర్ దారి. చాలామంది ఇక్కడే తప్పుతారు. బర్మాన్ దగ్గర నర్మద దాటాక సాగర్ దాకా రోడ్డు బాగా ఖాళీ. ఖాళీ రోడ్డు ప్రమాదం వేరే రకం: మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా నిద్ర. గత ఐదు కి.మీ.లో ఏం దాటామో గుర్తు రాకపోయినా, గేరు రెండోసారి తప్పుపడినా, బండి దానంతటది తెల్లగీత మీదికి జరుగుతున్నా, కాఫీతో సరిపెట్టకండి. దాబా మంచం మీద ఇరవై నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. అరగంట మించితే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

నీళ్లు గంటకి పావు లీటరు. మూత్రం ముదురు పసుపు రంగుకి తిరిగితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకి, చిన్న పొట్లం 200 మి.లీ.కి. ఏది కొన్నారో పొట్లం మీద చదివి కలపాలి. పెద్ద పొట్లం చిన్న సీసాలో పోసుకుని తాగితే దాహం తీరకపోగా కడుపులో తిప్పుతుంది. తప్పనిసరై మే నెలలో వెళ్లేవాళ్లకి ఒక మాట: 40 డిగ్రీల్లో జాకెట్ విప్పేస్తే చల్లగా ఉండదు, ఒంటికి తగిలే గాలి ఒంటికన్నా వేడి. లోపల టీషర్టు తడిపి, జాకెట్ జిప్పు ముప్పాతిక వంతు వేసుకుంటే ఆ తడి ఆరుతూ గంటసేపు కాపాడుతుంది.

మూడో రోజు: ఝాన్సీ – పల్వల్, 365 కి.మీ.

ఝాన్సీ నుంచి చండీగఢ్ 700కి అటూఇటూ. ఒక్కరోజులో కొట్టేద్దామనిపిస్తుంది. కొడితే ఢిల్లీలోకి మధ్యాహ్నమో సాయంత్రమో దిగుతారు, నగరం దాటడానికే రెండు మూడు గంటలు, క్లచ్ పట్టీపట్టీ ఎడమ మణికట్టు పోతుంది, ఆపైన అంబాలా దాకా చీకట్లో. నగరాన్ని దాటాల్సింది తెల్లవారుజామునే. దానికోసం ముందు రోజు కురచ చేసుకోవాలి, అంతే.

గ్వాలియర్, మొరేనా, చంబల్ వంతెన, ధోల్‌పూర్, ఆగ్రా. ఆగ్రా నుంచి గ్రేటర్ నోయిడాకి 165 కి.మీ. యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, బైకుల్ని రానిస్తారు, టోల్ కట్టాలి. హైవేల మీద మనకి టోల్ లేదన్న అలవాటుతో వెళ్తే అక్కడ చేయి జేబులోకి పోవాల్సిందే. కాంక్రీట్ రోడ్డు, గీత గీసినట్టు తిన్నగా, కాసేపటికే నిద్ర. బండి ఆగిపోతే మెకానిక్ దొరకడు. మథుర మీదుగా పాత దారే నయం, అడుగడుగునా బంకులు, పంక్చర్ షాపులు.

మూడింటికల్లా పల్వల్ చేరితే బండికి గంట ఇవ్వండి. చైను బిగువు చూడాల్సింది లగేజీ, మనిషి ఎక్కాకే. ఖాళీ బండి మీద సరిగ్గా ఉన్న చైను, బరువు పడి వెనక చక్రం పైకి లేచాక బిగుసుకుంటుంది. గుంతలో పడినప్పుడు ఆ బిగువంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. కాస్త వదులుగా ఉన్న చైను చప్పుడు చేస్తుంది, బిగువుగా ఉన్నది చప్పుడు చేయకుండా తినేస్తుంది.

నాలుగో రోజు: పల్వల్ – సుందర్‌నగర్, 470 కి.మీ.

నాలుగున్నరకి కదలాలి. చీకట్లో తోలొద్దన్న నియమాన్ని ఈ గంటకి పక్కన పెట్టడం, ఫరీదాబాద్ పొడవునా లైట్లుంటాయి కాబట్టి. ఐదున్నరకి బదర్‌పూర్, తర్వాత ఆశ్రమ్, రింగ్ రోడ్డు, కశ్మీరీ గేట్, ముకర్‌బా చౌక్. ఆరున్నరకి నగరం వెనకబడుతుంది. ముర్తల్‌లో వెన్నముద్దతో వచ్చే పరాఠా ఒకటే తినండి. రెండోది తిన్నవాళ్లు పానిపట్ ఫ్లైఓవర్ మీద ఆవలిస్తూ కనిపిస్తారు.

కర్నాల్, అంబాలా, రోపడ్, కీరత్‌పూర్. ఇక్కడ నుంచి నేర్‌చౌక్ వైపు నాలుగు లేన్ల కొత్త రోడ్డు, వరసగా సొరంగాలు. ఎండలోంచి సొరంగంలోకి దూరినప్పుడు కంటికి క్షణకాలం ఏమీ ఆనదు, నల్ల వైజర్ ఉంటే ముందే పైకెత్తాలి. సుందర్‌నగర్‌లో ఆగిపోండి, మనాలి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఐదో రోజు: సుందర్‌నగర్ – మనాలి, 135 కి.మీ.

సగం రోజు ప్రయాణం, సగం రోజు పని. బండిని నిటారుగా నిలబెట్టి ఆయిలు అద్దంలో మట్టం చూడాలి. బ్రేకు ప్యాడ్లు సగానికి అరిగి ఉంటే ఇక్కడే మార్చాలి, లేహ్ దాకా లాగొద్దు. చైను కిరోసిన్ గుడ్డతో శుభ్రం చేసి కొత్తగా ఆయిలు పట్టించాలి. కొత్త క్లచ్ కేబుల్‌ని పాతదాని పక్కనే అదే దారిలో లాగి, రెండు కొసలూ టేపుతో మూసి కట్టేస్తే, పాతది తెగిన రోజు ట్యాంకు విప్పే పని లేదు. కొసలు మార్చి బిగించుకోవడమే, పది నిమిషాలు. చల్లటి గాలిలో వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు ఈ పది నిమిషాల విలువ తెలుస్తుంది.

ఐదు లీటర్ల లోహపు డబ్బా ఒకటి కావాలి. తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కి.మీ." అన్న బోర్డు అందరికీ తెలిసిందే. ఎక్కుళ్లలో, చిన్న గేర్లలో బండి 26 ఇస్తే పద్నాలుగు లీటర్లు పడతాయి, ట్యాంకు పదిహేను. అంత దగ్గరి లెక్కతో ఐదు వేల మీటర్ల మీదికి వెళ్లకూడదు. డబ్బాలో నాలుగున్నర లీటర్లే పోయాలి. ఎత్తుకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి, లోపలి ఆవిరి డబ్బాని ఉబ్బిస్తుంది. మూత తీసేటప్పుడు మెల్లగా, సైలెన్సర్‌కి దూరంగా.

ఆరో రోజు, ఏడో రోజు: జిస్పా

అటల్ టన్నెల్ 9.02 కి.మీ., 2020 అక్టోబర్‌లో తెరిచారు. అంతకుముందు రోహ్తాంగ్ ఎక్కి దిగడానికే పూట పట్టేది. టన్నెల్ గుండా లేహ్ వెళ్లేవాళ్లకి రోహ్తాంగ్ పర్మిట్ అక్కర్లేదు. సిస్సూ, తర్వాత చంద్ర, భాగా నదులు కలిసే తాండి. ట్యాంకు అంచుదాకా, డబ్బా కొలతదాకా నింపి, కేలాంగ్ మీదుగా జిస్పా. 95 కి.మీ.లు పదకొండింటికల్లా అయిపోతాయి, బండి ఇంకా వెళ్దామన్నట్టే ఉంటుంది. వెళ్లొద్దు. ఇక్కడ రెండు రాత్రులు.

కారణం ఎత్తు. జిస్పా 3,200 మీటర్లు. సాధారణంగా జనం ఆగే తర్వాతి చోటు సర్చు, 4,290 మీటర్లు. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని డాక్టర్లు చెప్పేది. సర్చులో గుడారం వేసుకుంటే ఒక్క రాత్రికి దాదాపు 1,100 పెరుగుతుంది. అక్కడ తెల్లవార్లూ తలపోటుతో, వాంతులతో కూర్చునేవాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు. లేహ్ 3,500 మాత్రమే. పగలు ఐదు వేలు దాటి, రాత్రికి మూడు వేల ఐదువందలకి దిగిపోతే పడుకునే ఎత్తు పెరిగేది 300. కొండల్లో ఎవరూ సలహా ఇవ్వని పెద్ద రోజు ఇక్కడ ఆరోగ్యానికే మంచిది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుని ఆపే ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఊళ్లోనే డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు తప్పకుండా చెప్పాలి.

ఏడో రోజు బండి ముట్టకుండా దార్చా వైపు కాస్త నడవండి, నీళ్లు తాగండి, మందు జోలికి పోవద్దు. ఇంటికి ఫోన్ చేసి, రేపు సాయంత్రం దాకా దొరకమని చెప్పండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా జట్టులో ఉండాలి.

ఎనిమిదో రోజు: జిస్పా – లేహ్, 340 కి.మీ.

ఇక్కడ 62 సగటు మర్చిపోండి, 34 వస్తే గొప్ప. పది గంటలు కదిలేది, గంటన్నర ఆగేది. ఐదింటికి బయల్దేరితే నాలుగున్నరకి లేహ్. తొందర దేనికంటే, రోడ్డు మీద పారే మంచునీటి వాగులు పొద్దున చీలమండ లోతు, ఎండ ముదిరి పైన మంచు కరిగాక మోకాలి లోతు. బారాలాచా లా (లా అంటే కనుమ) చుట్టూ ఉన్నవాటిని తొమ్మిది లోపు దాటేయాలి. నీళ్లలో మొదటి గేరు, క్లచ్ పట్టకుండా, చూపు అవతలి ఒడ్డు మీద.

సర్చులో వేడి మ్యాగీ, పదిహేను నిమిషాలు. గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు, నకీ లా, లాచుంగ్ లా, పాంగ్. గీత ఈ రోజు పాంగ్ దగ్గర: పన్నెండున్నర. అప్పటికి ఎవరికైనా తలనొప్పి మాత్రకి తగ్గకపోయినా, మాట తడబడుతున్నా, తిన్నగా నడవలేకపోతున్నా అక్కడ పడుకోబెట్టకూడదు, కిందికి దించాలి. పాంగ్‌లోని సైనిక శిబిరంలో సాయం అడగొచ్చు.

టైర్ల గాలి గురించి ఇక్కడ అనవసర భయం ఎక్కువ. ఎత్తుకి ఒత్తిడి పెరుగుతుందని ఐదారు పీఎస్‌ఐ వదిలేస్తుంటారు. హైదరాబాద్‌లో 30 డిగ్రీల్లో 32 పట్టిన టైరు లేహ్ ఎత్తులో 5 డిగ్రీల చలికి మళ్లీ దాదాపు 32 దగ్గరే తేలుతుంది. ఎత్తు పెంచింది, చలి తగ్గించింది. చల్లగా ఉన్నప్పుడు గేజు పెట్టి చూడండి, తేడా ఉంటేనే ముట్టుకోండి.

మోరే మైదానాల్లో నలభై కిలోమీటర్లు చదునుగా ఉంటాయి, అక్కడ యాక్సిలరేటర్ మీద చేయి తిరుగుతుంది. గాలి పక్కనుంచి కొడుతుంది కాబట్టి 60 చాలు. 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా దగ్గర ఫొటోకి పది నిమిషాలు, పరుగులు తీయకుండా. డబ్బాలో పెట్రోలు ట్యాంకులో పోయాల్సింది పైన కాదు, దిగువన రుమ్‌త్సే దాటాక. వంగి, ఎత్తి, పోసే పనికి పైన ఊపిరి చాలదు. ఉప్షి దగ్గర సింధు కనిపిస్తుంది, కారూలో బంకు. అక్కడ నింపుకుంటే లేహ్‌లో రెండు రోజులు బండి కవర్ తీయనక్కర్లేదు. ఖర్దుంగ్ లా మూడో రోజు పొద్దున.